బొగ్గు వాసన, బఠాణీ కూర

పోయిన నెల నాన్న తద్దినానికి బెల్లంపల్లి వెళ్లాను. మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. సాయంత్రం వెనక లైన్ క్వార్టర్లలో ఎవరో బొగ్గుల పొయ్యి రాజేశారు. ఇప్పుడు అందరిళ్లలోనూ గ్యాసే, అయినా స్నానాలకు నీళ్లు కాచుకోవడానికి కొందరు ఆ పొయ్యి ఇంకా ఉంచుకున్నారు. తడిసిన బొగ్గు ఓ పట్టాన అంటుకోదు. ముందు కాసేపు ఘాటుగా, గంధకం కలిసినట్టు పొగ లేస్తుంది. ఆ పొగ ముక్కుకు తగిలితే నాకు రెండు చోట్లు ఒకేసారి గుర్తొస్తాయి. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన నాన్న చొక్కా ఒకటి. వియన్నాలో మేం అద్దెకున్న ఇంటి నేలమాళిగ రెండోది.

నాన్న సింగరేణి బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్‌గా, అంటే పని, భద్రత చూసే పర్యవేక్షకుడిగా చేశారు. ఎంత రుద్ది స్నానం చేసినా కళ్ల చుట్టూ కాటుక గీసినట్టు ఆ నలుపు ఉండేది. పెళ్లయ్యాక నేను వియన్నా వెళ్తున్నానని తెలిసినప్పుడు ఆయన అన్న మొదటి మాట, "నేతాజీ కూతురు పుట్టిన ఊరు కదమ్మా" అని. సుభాష్ చంద్రబోస్ 1930లలో వైద్యం కోసం వియన్నాలో ఉన్నారని, ఎమిలీ షెంకెల్‌తో పరిచయం అక్కడే అయిందని, 1942లో అనిత పుట్టింది కూడా ఆ ఊళ్లోనే అని ఆయనకు కంఠతా వచ్చు. నాకు మాత్రం అప్పటికి వియన్నా అంటే మ్యాపులో ఒక చుక్క.

మా ఆయనకు డాన్యూబ్ అవతల ఐక్యరాజ్యసమితి భవనాల్లో ఉద్యోగం. ఇల్లు దొరికింది రెండో జిల్లా లియోపోల్డ్‌స్టాట్‌లో, ఆవుగార్టెన్ పార్కు పక్కన. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన భవనం. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. రాతి మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. కిటికీలు రెండు వరసలు, మధ్య జానెడు ఖాళీ. చలికాలంలో ఆ ఖాళీలోనే మా పాలూ పెరుగూ పెట్టుకునేవాళ్లం.

తాళాలు ఇచ్చిన రోజే ఓనరు మమ్మల్ని నేలమాళిగకి తీసుకెళ్లాడు. చెక్క పట్టీలతో అరలు అరలుగా కట్టి, ఒక్కో ఇంటికి ఒక్కో అర, దానికో నంబరు, తాళం. ఒకప్పుడు చలికాలానికి సరిపడా బొగ్గు అక్కడ నిల్వ చేసుకునేవాళ్లట. ఆ భవనానికి గ్యాస్ హీటర్లు వచ్చి చాలా ఏళ్లయినా గోడల మూలల్లో నల్లటి పొడి అలాగే ఉంది. తలుపు తియ్యగానే ఆ వాసన. నేను మెట్టు మీదే ఆగిపోయాను. దేశం కాని దేశంలో, ఒక్క ముక్క భాష రాని చోట, చంకలో ఏడాది పిల్లాడితో నిలబడి ఉంటే నాన్న ఎదురొచ్చినట్టయింది. ఆ తర్వాత ఇంటి మీద బెంగ పెట్టుకున్నప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టుకుని కిందికి దిగేదాన్ని.

వంకలు దొరకడం కష్టమేమీ కాదు, వాషింగ్ మెషీన్ కూడా అక్కడే ఉండేది. గోడకి ఒక కాగితం, ఒక్కో ఇంటికి వారంలో ఒక పూట. మాది మంగళవారం మధ్యాహ్నం.

*

ప్రతి అంతస్తులోనూ వరండాలో గోడకి ఒక ఇనప తొట్టి, పైన నీళ్ల పంపు ఉండేవి. దాన్ని బస్సేనా అంటారు. ఇళ్ల లోపలికి నీళ్ల పైపులు రాకముందు ఆ అంతస్తులో ఉన్న వాళ్లంతా అక్కడే పట్టుకోవాలి. ఆడవాళ్లు బక్కెట్లతో నిలబడి ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేది అక్కడేనట, అచ్చం మా కాలనీ నల్లా దగ్గరలాగే. మేం వెళ్లేనాటికి దాని అవసరం తీరిపోయింది. కానీ కింది అంతస్తు పెద్దావిడ మాత్రం రోజూ పొద్దున తన ఇంటి ముందున్న తొట్టిని గుడ్డతో తుడిచేది. పంపు తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూసి కట్టేసేది.

ఆవిడని నేను మొదట చూసింది కాదు, విన్నాను. పిల్లాణ్ణి కూర్చోబెట్టి తోసే ప్రామ్ చక్రాలు మెట్ల మీద టక్ టక్ అనగానే కింద తలుపు తెరుచుకుంది. నేరుగా వచ్చి ప్రామ్ ముందు భాగం పట్టుకుని, "గ్రూస్ గాట్" అంది. అక్కడి నమస్కారం అది. ఇద్దరం కలిసి దించాం. దించాక పిల్లాడి తల చూపించి ఏదో కోపంగా అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ లోపలికెళ్లి ఒక ఉన్ని టోపీ తెచ్చి వాడికి పెట్టింది. అప్పుడు సెప్టెంబరు నెల, ఎండ కూడా ఉంది.

తర్వాత తెలిసింది, ఆ ఊళ్లో పెద్దవాళ్లందరిదీ అదే ధోరణి అని. వీధిలో, ట్రామ్‌లో, పార్కులో, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆపి "పిల్లాడికి టోపీ ఏదీ? కాళ్లకి మేజోళ్లు ఏవీ?" అని అడిగేవాళ్లు. యూరప్ వాళ్లు ఎవరి గొడవ వాళ్లు చూసుకుంటారని ఇక్కడ చాలామంది అంటారు. నా అనుభవం అది కాదు. వియన్నా ముసలమ్మలు ఊరి పిల్లలందరికీ తామే బాధ్యులమన్నట్టు ఉండేవాళ్లు.

అక్కడ పలకరింపు కూడా ఒక పద్ధతి. కొట్లోకి అడుగుపెడితే గ్రూస్ గాట్ అనాలి. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్తే కూర్చున్న వాళ్లందరికీ కలిపి అనాలి. వెళ్లేటప్పుడు మళ్లీ అందరికీ చెప్పి వెళ్లాలి. మొదట్లో సిగ్గుపడి గొణిగేదాన్ని. కొన్నాళ్లకి ఎంత అలవాటైందంటే సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మంచిర్యాల బస్టాండులో మెడికల్ షాపు వాడికి కూడా నోటిదాకా వచ్చింది.

*

వెళ్లిన కొత్తలో పిల్లాడికి నీళ్లు మరగబెట్టి చల్లార్చి పట్టేదాన్ని. ఒకరోజు పెద్దావిడ ఏదో ఇవ్వడానికి పైకొచ్చి స్టవ్ మీద గిన్నె చూసింది. సూప్ కాదు, తాగే నీళ్లని సైగలతో చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. గ్లాసు తీసుకుని పంపు కింద పట్టి, గటగటా తాగేసి, కిటికీలోంచి దూరంగా చూపించి, "బెర్గే, బెర్గే" అంది. కొండలు, కొండలు అని.

ఆ నీళ్ల కథ నాకు సాయంత్రం జర్మన్ క్లాసులో టీచరు చెప్తే తెలిసింది. పాత రోజుల్లో వియన్నాలో జనం బావి నీళ్లు తాగి కలరా, టైఫాయిడ్‌తో పోయేవాళ్లు. అప్పుడు ఆల్ప్స్ కొండల్లోని ఊటల నుంచి నేరుగా ఊరికి నీళ్లు తేవాలని పట్టుబట్టిన మనిషి ఎడ్వార్డ్ స్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1873లో మొదటి కాలువ పూర్తయింది. 1910లో రెండోది వచ్చింది. ఈ రెండో దాంట్లో నీళ్లు ఊరు చేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఇంతా చేసి దారిలో తోడి పోసే పంపులేవీ లేవు. కొండ నుంచి ఊరిదాకా వాలు కట్టి తెచ్చారు, అంతే.

ఇంటికి ఉత్తరం రాస్తూ ఈ సంగతి రాశాను. నాన్న జవాబు పది రోజులకు వచ్చింది. నీలం రంగు ఏరోగ్రామ్, మూడు మడతల్లోనూ అంచుల దాకా అక్షరాలు. "స్యూస్ అంటే ఎవరనుకున్నావు? ఒకప్పుడు మన దేశం కూడా కలిసి ఉన్న పాత ఖండానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టింది ఆయనే. మన బొగ్గు గోండ్వానా బొగ్గు. మన ఆదిలాబాద్ గోండుల పేరు అది. ఆయన తెచ్చిన నీళ్లు నా మనవడు తాగుతున్నాడు" అని రాశారు. నాన్న సర్దార్ పరీక్షకి చదివినప్పటి నోట్సులో ఆ పేరు రాసుకున్నారట. సర్టిఫికెట్ పరీక్షకి అక్కర్లేని విషయం కూడా శ్రద్ధగా రాసుకునే మనిషి ఆయన. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

మా కాలనీలో నల్లా రోజూ పొద్దున గంట సేపే వచ్చేది. అమ్మ నిద్రపోతూ కూడా ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండేది. వియన్నాలో పంపు తిప్పిన ప్రతిసారీ, చాలా నెలల పాటు, నాకు అమ్మ గుర్తొచ్చేది.

*

ట్రామ్‌ల గురించి చెప్పకపోతే వియన్నా గురించి చెప్పినట్టే కాదు.

మా ఇంటి దగ్గర తాబోర్‌స్ట్రాసే మీద 21 నంబరు ట్రామ్ నడిచేది. అప్పట్లో ఎక్కువగా పాత రకమే. ఎరుపు, తెలుపు రంగులు, ఎత్తైన మెట్లు, మలుపు తిరిగేటప్పుడు చక్రాలు పట్టాల మీద కీచుమనేవి. ఆ కీచు వినబడితే ఇంట్లోంచి పరుగెత్తినా అందుకోవచ్చు. ప్రామ్‌తో ఆ మెట్లెక్కడం ఒక్కరి వల్ల కాదు. కానీ నేను ఎవర్నీ సాయం అడిగిన గుర్తు లేదు. తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చేది. సూటు వేసుకున్నాయన కావచ్చు, జుట్టుకి ఆకుపచ్చ రంగు పూసుకున్న కుర్రాడు కావచ్చు. పైకెక్కించి, థాంక్స్ చెప్పేలోపు మళ్లీ పేపర్లో తల దూర్చేసేవాడు.

భూగర్భ రైలు స్టేషన్లలో టికెట్ చూపించే గేట్లు లేవు. ఒక చిన్న నీలం పెట్టెలో టికెట్ పెట్టి ముద్ర వేయించుకుని లోపలికి నడిచిపోవడమే. తనిఖీకి వచ్చేవాళ్లు ఎప్పుడో గానీ కనబడరు. ఆదివారం పేపర్లయితే ఇంకా వింత. వీధి స్తంభాలకి ప్లాస్టిక్ సంచులు కట్టి వాటిలో పేపర్లు పెట్టేవాళ్లు. పక్కన చిల్లర వేసే చిన్న డబ్బా. కాపలా ఎవరూ ఉండరు. పొద్దున్నే పెద్దావిడ చలికోటు వేసుకుని వెళ్లి, డబ్బాలో నాణేలు ఒక్కొక్కటే చప్పుడయ్యేలా వేసి, పేపరు తీసుకుని వచ్చేది. డబ్బులు వెయ్యకుండా తీసుకునేవాళ్లు లేరని కాదు, కళ్లారా చూశాను. అయినా వచ్చే ఆదివారం సంచి మళ్లీ అక్కడే వేలాడుతుండేది. ఆ ఏర్పాటు మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

శనివారం సాయంత్రం కొట్లు మూసేస్తే మళ్లీ సోమవారమే. మొదటి ఆదివారం మా ఇంట్లో పాలు అయిపోయాయి, ఊరంతా తిరిగినా దొరకలేదు. కానీ ఆ ఆదివారపు నిశ్శబ్దం కొన్నాళ్లకి నాకు ఇష్టమైపోయింది. పదింటికి చర్చి గంటలు. తర్వాత కిటికీల్లోంచి మాంసం వేయించే వాసన, వెన్న వాసన, ప్లేట్ల చప్పుడు. మధ్యాహ్నానికి అందరూ ఆవుగార్టెన్‌లో. రెండు వైపులా ఒకే ఎత్తున కత్తిరించిన చెట్ల బారులు, వాటి మధ్య యుద్ధకాలంలో విమానాల మీద కాల్పుల కోసం కట్టిన రెండు పెద్ద కాంక్రీటు బురుజులు. వియన్నాలో అలాంటివి మొత్తం ఆరున్నాయి. గోడలు అంత మందం కాబట్టి, చుట్టూ ఇళ్లు ఉన్నాయి కాబట్టి యుద్ధం తర్వాత కూల్చలేకపోయారు. మా వాడు నడక నేర్చుకున్నది ఆ బురుజు నీడలోనే.

*

పెద్దావిడ ఇంట్లో బల్ల మీద రొట్టె ముక్కలు రాలితే వేలి కొస తడి చేసుకుని ఒక్కొక్క పొడినీ అద్ది నోట్లో వేసుకునేది. ఎండిపోయిన రొట్టెని పారెయ్యడం ఆవిడకి తెలియదు. తురిమి పొడి చేసి సీసాల్లో పోసి పెట్టేది. ఎండాకాలం చివర్లో ప్లమ్ పళ్లు వస్తే, గింజ తీసి ఆ చోట పంచదార బిళ్ల పెట్టి, బంగాళాదుంప పిండిలో చుట్టి ఉండలు ఉడికించేది. ఆ రొట్టె పొడిని వెన్నలో ఎర్రగా వేయించి, ఉండల్ని అందులో దొర్లించి తెచ్చి ఇచ్చేది. వేడిగా కొరికితే లోపల పండు కరిగి ఎర్రటి రసం కారేది. నేను గసగసాల పాయసం చేసి ఇస్తే ఆశ్చర్యపోయింది. వాళ్లకీ గసగసాలంటే ప్రాణం, నల్లటివి, నూరి రొట్టెల్లో కూరుతారు. తెల్ల గసగసాలు ఆవిడ ఎప్పుడూ చూళ్లేదు. దోసిట్లో పోసుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

ఒకసారి సంక్రాంతికి పూరీలు, బఠాణీ కూర చేశాను. ఎండు బఠాణీలు రాత్రంతా నానబెట్టి, అల్లం దంచి, చివర్లో ధనియాల పొడి. గిన్నెలో పోసి మూత పెట్టి పట్టుకెళ్లాను. మూత తీసి చూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కుర్చీ చూపించి కూర్చోమంది.

అప్పటికి నాకు జర్మన్ కొంచెం పట్టుబడింది. ఆవిడ నెమ్మదిగా, నాకు అర్థమైందో లేదో ఆగి చూసుకుంటూ చెప్పింది. 1945 ఏప్రిల్‌లో రష్యన్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. ఊళ్లో తిండి లేదు. మే నెలలో రష్యన్లు ఎండు బఠాణీలు పంచారు. వాటినిండా పురుగులు. నానబెడితే పురుగులు పైకి తేలేవి. వంటింటి బల్ల మీద వాళ్లమ్మా ఆవిడా కూర్చుని ఏరేవాళ్లు. వేలితో ఒక్కో బఠాణీ పక్కకి నెడుతూ, పురుగుని ఇటు, గింజని అటు. చెప్తున్నంతసేపూ ఆవిడ వేలు బల్ల గుడ్డ మీద అలాగే కదులుతోంది, ఇటు ఒకటి, అటు ఒకటి. "కొన్నాళ్లకి ఏరడం మానేశాం" అంది. మనిషికి రోజుకి వెయ్యి కేలరీలు కూడా దక్కని కాలం. ఆ తర్వాత యాభై ఏళ్లకి పైగా ఆవిడ బఠాణీ ముట్టలేదట.

నేను గిన్నె వెనక్కి తీసుకోబోయాను. చేత్తో ఆపి, స్పూన్ తెచ్చుకుని తింది. మొత్తం తింది. కారం ఎక్కువైంది అని మాత్రం అంది.

ఆ సాయంత్రం నుంచి ఆ ఊరి క్రమశిక్షణ నాకు వేరేగా కనబడటం మొదలైంది. తొట్టి తుడవడం, పంపు తిప్పి చూడటం, రొట్టె పొడి దాచడం, పక్కింటి పిల్లాడి తల మీద టోపీ. బయటివాళ్లు దాన్ని చాదస్తం అంటారు. చల్లటి మనుషులు అంటారు. అన్నీ ఒకసారి పోయి, మళ్లీ ఒక్కొక్కటే సంపాదించుకున్న వాళ్ల జాగ్రత్త అది. ఒపేరా భవనం 1945 మార్చిలో బాంబు పడి కాలిపోయినప్పుడు ఆవిడ పొగ చూసింది. 1955 నవంబరులో మళ్లీ తెరిచినప్పుడు టికెట్ కొనే స్తోమత లేక, బయట వీధిలో లౌడ్‌స్పీకర్ల కింద నిలబడి బేతోవెన్ ‘ఫిడేలియో’ విన్నది. నన్ను ఒపేరాకి తీసుకెళ్లింది కూడా ఆవిడే. అప్పట్లో నిలబడి చూసే టికెట్లు కాఫీ ఖరీదు కంటే తక్కువ ఉండేవి. ముందుగా వెళ్లి రెయిలింగ్‌కి స్కార్ఫ్ కడితే ఆ చోటు మనది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. పాట నాకేమీ అర్థం కాలేదు గానీ, ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి మూడు గంటలు నిటారుగా నిలబడటం చూశాను.

*

మిగతా ఊళ్లూ చూశాం. వెనిస్‌కి రాత్రి రైలు, తెల్లారేసరికి రెండు వైపులా నీళ్లు. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన. పారిస్‌లో వాన తప్ప నాకేమీ గుర్తు లేదు. బుడాపెస్ట్ వెళ్లేటప్పుడు హెగ్యెష్‌హాలోమ్ దగ్గర రైలాగి, సరిహద్దు పోలీసులు ఎక్కేవాళ్లు. బండిలో అందరివీ రెండు క్షణాల్లో చూసి, మా పాస్‌పోర్టులు మాత్రం వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసేవాళ్లు. ఫొటోలో బొట్టుంది, ఇప్పుడు లేదేమని ఒకసారి అడిగారు. ఆ టెన్షన్‌తో పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంటే వాడు ఏడుపు లంకించుకునేవాడు. 2007 డిసెంబరులో ఆ సరిహద్దులో తనిఖీలు ఎత్తేశారు. ఈ మధ్య వెళ్లినప్పుడు ఏ దేశంలో ఉన్నామో ఫోన్‌కొచ్చిన మెసేజ్ చెప్పింది.

నవంబరు ఒకటిన పెద్దావిడతో 71 నంబరు ట్రామ్‌లో సెంట్రల్ శ్మశానానికి వెళ్లేదాన్ని. ఆ రోజు ఊరంతా చామంతులు పట్టుకుని అటే వెళ్తుంది. అక్కడ సమాధి చోటు శాశ్వతం కాదు, పదేళ్లకోసారి డబ్బు కట్టి పొడిగించుకోవాలి. వాళ్లమ్మ సమాధికి ఎప్పుడు కట్టాలో ఆవిడ క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకునేది.

మేం ఉండగానే డబ్బు మారింది. 2002 జనవరి ఒకటి నుంచి యూరో. ఒక యూరోకి 13.7603 షిల్లింగులు. పెద్దావిడ ఆ అంకె కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంది. కూరగాయల కొట్లో కళ్లజోడు తీసి ఆ కాగితం చూసి, లెక్క కట్టి, కొట్టువాడు చెప్పింది సరిపోయాకే ఇచ్చేది. ఆవిడ క్రౌనుల కాలంలో పుట్టింది. 1925లో షిల్లింగు వచ్చింది, 1938లో జర్మన్లు వచ్చి రైష్‌మార్క్ చేశారు, 1945లో మళ్లీ షిల్లింగు. "ఇది నాలుగోసారి, ప్రతిసారీ ఇదే ఆఖరిసారి అన్నారు" అంది.

ఆ ఏడాదే మేం హైదరాబాద్ వచ్చేశాం. కొన్నాళ్లు క్రిస్మస్‌కి కార్డులు వచ్చాయి. తర్వాత ఆవిడ కూతురి చేతిరాతతో ఒక కార్డు, నల్ల అంచుతో.

*

రెండేళ్ల కింద మా వాడు కాన్ఫరెన్స్‌కి వియన్నా వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు.

మెట్రో ఎక్కగానే తేడా తెలిసింది. స్టేషన్ల పేర్లు చెప్పే పాత మగ గొంతు లేదు, ఎవరో ఆవిడ గొంతు. తాబోర్‌స్ట్రాసే మీద 21 నంబరు లేదు. 2008లో మెట్రో పొడిగించినప్పుడు తీసేశారట. ఎత్తు మెట్ల ట్రామ్‌లలో బాగా పాత రకం కూడా 2022లో ఆగిపోయింది. కొత్తవాటిలో నేల మీద నుంచి నేరుగా లోపలికి ప్రామ్ తోసుకుపోవచ్చు. తల్లులకి ఎంతో సుఖం. లోపలి నుంచి వచ్చే చెయ్యి మాత్రం ఇక అక్కర్లేదు.

మా వీధిలోకి తిరగ్గానే కాళ్ల దగ్గర ఏదో మెరిసింది. పేవ్‌మెంటులో పొదిగిన ఇత్తడి ఫలకాలు. పేర్లు, పుట్టిన తేదీలు, పంపిన తేదీ, పంపిన చోటు. నాలుగడుగులు వేస్తే ఇంకొకటి. లియోపోల్డ్‌స్టాట్ యుద్ధానికి ముందు యూదులు ఎక్కువగా ఉన్న పేట. ఆస్పాంగ్ స్టేషన్ నుంచి 1942 దాకా 47 రైళ్లలో నాజీలు వాళ్లని తరలించారు. ఆస్ట్రియా యూదుల్లో 65 వేల మందిని చంపేశారు. ఈ ఫలకాలు పెట్టడం 2005లో మొదలైంది, అంటే మేం వచ్చేశాక. 2021లో ఒక పార్కులో 64 వేలకు పైగా పేర్లు చెక్కిన రాతి గోడలు కూడా కట్టారు. మా వాడు నన్ను అక్కడికీ తీసుకెళ్లాడు. నేను ఆ వీధిలో ఏళ్ల తరబడి పాలు, కూరలు మోసుకుంటూ నడిచాను. అప్పుడు నేల మీద ఏమీ రాసి లేదు. అడిగితే చెప్పేవాళ్లూ లేరు.

పెద్దావిడ కూతురు ఆ ఇంట్లోనే ఉంటోంది. డెబ్భై దాటాయి. కాఫీ పెట్టింది, ట్రేలో పక్కనే గ్లాసుడు నీళ్లు. నేను మనసులో తొలుస్తున్న మాట అడిగేశాను. మీ అమ్మ నాకు బఠాణీల సంగతి చెప్పింది, ఒపేరా మంటల సంగతి చెప్పింది. ఈ ఫలకాల మీదున్న వాళ్ల గురించి ఒక్కనాడూ చెప్పలేదు, ఎందుకు?

ఆవిడ దాటవెయ్యలేదు. "నాకూ చెప్పలేదు. చివరి రెండేళ్లలో చెప్పింది" అంది. పై అంతస్తులో ఒక అమ్మాయి ఉండేదట, పెద్దావిడ ఈడుదే, ఇద్దరూ కలిసి బడికి వెళ్లేవాళ్లు. 1938లో యూదు పిల్లల్ని బళ్లలో వేరు చేశారు. తర్వాత ఆ ఇంట్లోకే ఇంకో రెండు మూడు కుటుంబాల్ని తెచ్చి కుక్కారు. ఒక పొద్దున అందరూ సూట్‌కేసులతో మెట్లు దిగారు. పెద్దావిడ తలుపు సందులోంచి చూసింది. తలుపు తియ్యలేదు. "ప్రామ్ చప్పుడు వినబడితే అమ్మ పరుగెత్తుకుని తలుపు తీసేది కదా, నీకు గుర్తుందా?" అని అడిగింది కూతురు. గుర్తుంది అన్నాను.

ఆకలి గురించి ధారాళంగా మాట్లాడిన తరం అది. పొరుగువాళ్ల గురించి మాట్లాడలేదు. ఆవిడ మీద నాకున్న ప్రేమ దీనివల్ల తగ్గలేదు. కానీ ఆ ఊరిని నేను తలుచుకునే తీరు మారింది. ఇప్పుడు ఆ మెట్లు గుర్తొస్తే వాటి మీద నాకు తెలియని మనుషులు కూడా దిగుతున్నారు.

ఆ భవనం ముందు ఇంకా ఫలకం లేదు. కూతురు దానికోసం తిరుగుతోంది. ఆ కుటుంబం ఇంటిపేరు వాళ్లమ్మ ఒకలా చెప్పింది, పాత అద్దె పుస్తకంలో ఒక అక్షరం తేడాగా ఉంది. అక్కడ డాక్యుమెంటేషన్ ఆర్కైవ్‌లో చనిపోయిన వాళ్ల జాబితాలున్నాయి, అందులో వెతికి పేరు, తేదీలు ఖాయం చేసుకోవాలి. ఖర్చు విరాళాలతోనే. భవనంలో కొత్తగా వచ్చినవాళ్లు కొందరు ఇస్తామన్నారట, కొందరు ఇప్పుడెందుకు అన్నారట. ఒకప్పుడు ఆ ఇంట్లో ఉన్న కుటుంబంగా మా వంతు మేమూ ఇస్తామని మా వాడు అన్నాడు. ఆవిడ పుస్తకం తెచ్చి మా ఇంటిపేరు రాసుకుంది. స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో మా చేత రెండుసార్లు చదివించుకుంది.